బోల్టుకి మారిన నల్ల వైరు

ఆ ఆటో ఎలక్ట్రీషియన్ని వీధంతా చిటపట మావయ్య అంటుంది. భార్య పూలమ్మే కొత్త వ్యానులో ఫ్రిజ్ తనే బిగించి, పాత బళ్ళ అలవాటుకొద్దీ నల్ల వైరు తిన్నగా బ్యాటరీ నెగెటివ్‌కే కట్టాడు. వ్యాను స్టార్టవకుండా మొండికేసినప్పుడల్లా, "లైట్లు ఆర్పకుండా వచ్చేశావు!" అని ఆవిడ మీద ఇంతెత్తున లేచేవాడు.

ఈ ఉదయం ఆ నెగెటివ్ మీదున్న చిన్న డబ్బా కంటపడింది. కరెంటు ఎంత పోతోందో లెక్క చూసేది అదే. నల్ల వైరు దాన్ని దాటేసి నేరుగా బ్యాటరీకే చేరడంతో, దాని కళ్ళుగప్పి ఫ్రిజ్ కరెంటు తాగేస్తుంటే, బ్యాటరీ నిండుగా ఉందనుకుని వ్యాను చార్జింగ్ తగ్గించేస్తోంది. మావయ్య వైరుని వ్యాను బాడీ బోల్టుకి మార్చాడు. ఇక ఫ్రిజ్ కరెంటు కూడా డబ్బా మీదుగానే పోతుంది.

"తప్పెవరిదట?" అంది భార్య.

"వైరుది."

"దాన్ని కట్టిందెవరో?"

బానెట్ కింద వంచిన తల ఎత్తడానికి మావయ్యకి చాలాసేపు పట్టింది.