బిగువుగా చుట్టిన చీటీ

ఏళ్ళ తరబడి నా కుడి చెయ్యి నాకే బరువుగా ఉంది. నొప్పి అనుకునేరు, నొప్పి కాదు. అన్నం కలుపుతున్నా, దేవుడికి దండం పెడుతున్నా, ఎవరైనా పసిబిడ్డని అందిస్తున్నా, ఇదే కదా ఆ చెయ్యి అని గుర్తొస్తుంది. ఎవరికి చెప్పుకోను? మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్తున్నాను. నా పేరు రాయను. మిగిలినవాళ్ళ పేర్లు మార్చేశాను. జరిగింది మాత్రం మార్చలేదు.

శ్రీకాకుళం జిల్లాలో ఒక ఆడపిల్లల హాస్టలు బడిలో నేను ఆయాని. ఆరో తరగతిలో చేరిన పిల్లకి పదో తరగతి దాకా తిండీ, బట్టా, చదువూ అన్నీ అక్కడే. సీట్లు తక్కువ, వచ్చే పిల్లలు ఎక్కువ. అన్ని విధాలా సమానంగా ఉన్న పిల్లలు మిగిలిపోతే చీటీలు వేసేవారు. ఆ చీటీ తీసే పని నాది.

ఎందుకు నాది? నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు కాబట్టి. ప్రిన్సిపాల్ మేడమ్ ఏటేటా తల్లిదండ్రుల ముందు అదే మాట చెప్పేవారు. "ఈమెకి చదవడం రాదు. ఏ చీటీలో ఎవరి పేరుందో ఈమెకేం తెలుస్తుంది? ఇంతకన్నా న్యాయం ఏం కావాలి?" అందరూ తలలూపేవారు. నాకూ గర్వంగా ఉండేది. చదువు రాదని నన్ను చులకన చెయ్యనిది ఆ ఒక్క చోటే మరి.

పద్ధతి ఏమిటంటే, గుమస్తా అందరికీ వినబడేలా పేరు చదివి చీటీ నా చేతికిచ్చేవాడు. నేను దాన్ని చుట్టి స్టీలు బిందెలో వేసేదాన్ని. అన్నీ వేశాక బిందె ఊపి, మొహం పక్కకి తిప్పుకుని, ఒకటి తీసేదాన్ని. మడవడం నాకు అలవాటు లేదు. చుట్టడమే. మా అమ్మ పొగాకు చుట్టలు చుట్టి సంతలో అమ్మేది. మా వైపు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. ఆ చుట్ట బిగువుగా లేకపోతే ఊరుకోరు, మొహాన కొడతారు. చిన్నప్పటి నుంచి అమ్మ పక్కన కూచుని చుట్టీ చుట్టీ, ఏది బిగువో ఏది వదులో నా వేళ్ళు చూడకుండా చెప్పేస్తాయి. ఆ సంగతి మేడమ్‌కి తెలీదు. అదొక ఉపాయంగా పనికొస్తుందని నాకూ ఎప్పుడూ తోచలేదు.

ఆ ఏడు ఒక్క సీటు మిగిలింది. ఇద్దరు పిల్లలు. ఒకర్తె గౌరి, మా ఊళ్ళో కూలి చేసుకునే అప్పలనరసమ్మ కూతురు. తండ్రి లేడు. రెండోది లక్ష్మి, మా తమ్ముడి కూతురు. తల్లి లేదు. ముందురోజు తమ్ముడు వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"అప్పా, రేపు సీటీ నువ్వే కదేటి తీసేది?"

"సీటీ దేవుడి సేతిలో ఉంటాది, నా సేతిలో ఏటుంటాది?"

"దేవుడొచ్చి బిందిలో సెయ్యెడతాడేటే? ఎట్టేది నువ్వే. ఇంటి ఆడగుంటకి అక్కరకి రాని ఉజ్జోగం ఎందుకే నీకు, ఉప్పేసి పాతరెట్టుకోడానికా?"

వాణ్ణి తిట్టి పంపేశాను. ఇదంతా వాడి మీదకి తోసెయ్యొచ్చు. చాలాకాలం తోశాను కూడా. కానీ వాడు చెయ్యి పెట్టమన్నాడు గానీ, ఎలా చెయ్యాలో చెప్పలేదు. అది నా బుర్రలోంచే వచ్చింది. ఎప్పుడొచ్చింది? గుమస్తా గౌరి చీటీ నా అరచేతిలో పెట్టినప్పుడా? అంతకు ముందేనా? ఎంత తవ్వుకున్నా దొరకదు. దొరకట్లేదా, నేనే తవ్వట్లేదా?

మేడమ్ న్యాయంగానే మాట్లాడారు. "మేనకోడలు కదా, ఈసారి ఇంకెవరైనా తీస్తే బాగుంటుంది" అన్నారు. అప్పుడు నేను బతికిపోదును. కానీ అప్పలనరసమ్మ ఒప్పుకోలేదు. అందరి మధ్యలోంచి లేచి నిలబడింది. "ఒద్దమ్మా. ఇన్నేళ్ళూ అందరికీ తీసింది ఆ వదినే. నా పిల్లకీ ఆ వదినే తియ్యాల" అంది.

అయినా మానానా? మానలేదు. గౌరి చీటీ వదులుగా చుట్టాను. లక్ష్మి చీటీ బిగించి చుట్టాను. బిందె ఊపాను. మొహం తిప్పుకున్నాను. తీశాను. గుమస్తా విప్పి చదివాడు. లక్ష్మి.

తమ్ముడు గట్టిగా ఏడ్చేశాడు. నేను అప్పలనరసమ్మ వైపు చూడకూడదు అనుకుంటూనే చూశాను. ఆమె నా దగ్గరికే వస్తోంది. తెలిసిపోయిందనుకున్నాను. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది, ఆ చెయ్యే.

"ఏటి వదినా, మొగం అలాగైపోనాది? నువ్వేటి సేస్తావు? ఇంకెవులైనా తీసుంటే అనుమానపడుదును. నువ్వు తీసినావు, నాకదే సాలు. మా గుంటకి రాసి లేదు, అంతే."

కొంగుముడి విప్పి రెండు నువ్వుండలు తీసింది. గౌరి కోసం తెచ్చినవి. ఒకటి లక్ష్మి నోట్లో పెట్టి, "బాగా సదువుకో అమ్మా" అంది. రెండోది గౌరికిచ్చింది. ఆ పిల్ల తినలేదు. గుప్పిట్లో పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆమె తిట్టి ఉంటే, జుట్టు పట్టుకుని ఉంటే, నేను ఆ రోజే ఒప్పేసుకుందునేమో. నమ్మింది. ఆ నమ్మకాన్ని ఎలా తట్టుకోవాలో తెలీలేదు.

తర్వాత? లక్ష్మి బాగా చదివింది. నర్సయింది. మంచి పిల్ల. నా కళ్ళ ఆపరేషన్ దగ్గరుండి చేయించింది. సెలవులకి వచ్చినప్పుడల్లా నన్ను పలక ముందు కూచోబెట్టి, ఈ ముసలి వేళ్ళు పట్టుకుని అ ఆ లు దిద్దించింది. ఇప్పుడు రాస్తున్న ఈ ముక్కలన్నీ దాని దయే. అంటే ఈ అక్షరాలు కూడా ఆ సీటులోంచి వచ్చినవే కదా? దొంగ సీటు వృథా అయి ఉంటే నన్ను నేను తిట్టుకోవడం సులువయ్యేది. అది పండింది. పండిందాన్ని ఏమని తిట్టుకోను? ఎవరి పంట తిన్నట్టు?

గౌరి ఐదుతో ఆగిపోయింది. పలాస వైపు పెళ్ళి చేశారు. అక్కడ జీడిపిక్కలు కొట్టే పనిలో చేరిందని విన్నాను. తల్లి పోయాక మొగుడితో మళ్ళీ మా ఊరొచ్చింది. ఎదురుపడకుండా తిరిగేదాన్ని. చిన్న ఊళ్ళో ఎన్నాళ్ళు తప్పించుకుంటాను?

మొన్న బియ్యం కోసం రేషన్ షాపుకెళ్ళాను. నా ముందు గౌరి. మిషను మీద వేలు పెడుతోంది, మిషను తీసుకోవట్లేదు. డీలరు తుడిచి పెట్టమన్నాడు, ఇంకో వేలు పెట్టమన్నాడు. జీడి రసానికి ఆ పిల్ల వేళ్ళ కొసలు నల్లగా కాలిపోయి ఉన్నాయి. చర్మం మీద గీతన్నది లేదు. ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషి వేళ్ళు.

"నీ ఏలు మిషనుకి నచ్చట్లేదే గౌరీ" అన్నాడు డీలరు.

గౌరి నవ్వేసింది. "నాకేదీ ఒకపాలి రాదు బాబూ. సిన్నప్పుడు సీటీ రానేదు, ఇప్పుడు ఏలిముద్ర రానేదు." నన్ను చూసింది. "అదిగో, కావాలంటే ఆ అత్తనే అడుగు. ఆ సేతితోటే తీసింది, అయినా నాకు రానేదు!"

వరసలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు.

నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి గోడకి చేరగిలబడ్డాను. నవ్వానా? నేనేనా నవ్వింది? ఆనాడు చేసింది భయంతోనో, రక్తసంబంధంతోనో చేశాననుకున్నాను. మరి ఈ నవ్వు ఎందుకు? ఇప్పుడు నన్నెవరు బలవంతపెట్టారు? తనకేదీ రాదని ఆ పిల్ల నమ్మేసింది. తల్లి అదే నమ్ముతూ పోయింది. సీటొక్కటే తీసుకున్నానని ఇన్నాళ్ళూ లెక్క వేసుకున్నాను. ఎంత తక్కువ లెక్క!

నాకొక సాకు ఉంది. దాని మీదే ఇన్నేళ్ళు బతికాను. ఉన్నవి రెండు చీటీలు, న్యాయంగా తీసినా లక్ష్మికే వచ్చేదేమో, ఎవరికి తెలుసు? నిద్ర పట్టనప్పుడల్లా అదే చెప్పుకునేదాన్ని. అబద్ధం. నాకు తెలుసు. ఇది లక్ష్మికి చెప్పలేదు, చచ్చిపోయిన తమ్ముడికి చెప్పలేదు, గుడిలో నిలబడి కూడా చెప్పలేదు. గౌరికి చెప్తాను. నోట మాట రాకపోతే ఈ కాగితం లక్ష్మి చేతికిచ్చి, చదివి వినిపించమంటాను. దానికీ తెలియాలి. ఇద్దరూ నా మొహాన ఉమ్మినా తప్పు లేదు. క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

బిందెలో చెయ్యి పెట్టగానే నా వేళ్ళకి మొదట తగిలింది వదులు చీటీ. పట్టుకున్నాను కూడా. పైకి తీయడమే మిగిలింది. మళ్ళీ కిందికి జారవిడిచి, బిగువుది వెతుక్కున్నాను.

గౌరీ, నీకు వచ్చింది. నీ చీటీయే వచ్చింది.

రాశాను. పైకి చదువుకున్నాను, నా గొంతుతో, నా చెవికి వినబడేలా. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.