యాదగిరి క్యాబ్‌కు వేసిన ప్లేటు

2006 వేసవిలో నన్ను విజయవాడ బ్రాంచి నుంచి హైదరాబాద్ పంజాగుట్టకు వర్క్స్ మేనేజరుగా బదిలీ చేశారు. మాది కార్ల డీలర్‌షిప్పు. ముందువైపు అద్దాల షోరూములో అమ్మేవాళ్ళు టైలు కట్టుకుని చల్లగా కూర్చునేవారు. వెనక రేకుల కప్పు కింద సర్వీసు వర్క్‌షాపు. దాన్ని అందరం షెడ్డు అనేవాళ్ళం. షెడ్డులో మెకానిక్కుల మీద ఫోర్‌మన్, ఫోర్‌మన్ మీద నేను. వర్క్స్ మేనేజరు స్పానరు ముట్టుకోకూడదు, ముట్టుకున్నవాళ్ళ పని బాగాలేదని మాత్రం చెప్పాలి. ఆ పనిలో నాకు మంచి అనుభవం ఉంది.

అక్కడ నాకొక పేరు కూడా వచ్చింది. డీజిల్ కారు గేటులోకి వస్తుండగానే, బానెట్ ఎత్తకుండా, వట్టి పొగ వాసనతో దానికి ప్లేటు వేశారో లేదో చెప్పేసేవాణ్ణి. ఒక్కసారి కూడా గురి తప్పలేదు. నా ముక్కు సంగతి విని బేగంపేట నుంచి పోటీ డీలర్ల మేనేజర్లు చూడడానికి వచ్చేవారు.

ప్లేటు అంటే తెలియనివాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. డీజిల్ ఇంజిన్ విడిచిన పొగలో కొంత భాగాన్ని ఒక గొట్టం గుండా మళ్ళీ ఇంజిన్‌లోకే పంపే ఏర్పాటు ఒకటి ఉంటుంది. దాన్ని ఈజీఆర్ అంటాం. ఎప్పుడు ఎంత పొగ వెళ్ళాలో ఆ దారిలో ఉన్న వాల్వు చూసుకుంటుంది. విడిచిన పొగ మళ్ళీ పీల్చడం దేనికని చాలామంది అడిగేవారు. అలా కలిపితే లోపలి మంట వేడి కాస్త తగ్గుతుంది, వేడి తగ్గితే నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువులు తక్కువ పుడతాయి. ఊరికి మంచిది. ఇంజిన్‌కు మాత్రం అంత సుఖం కాదు. పొగలోని మసీ, ఇంజిన్ ఆయిల్ ఆవిరీ కలిసి లోపలి దారుల్లో కాటుకలా పేరుకుంటాయి. హైవే మీద పరుగెత్తే కారు దాన్ని చాలావరకు తట్టుకుంటుంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఫస్టు గేరు, సెకండు గేరు, మళ్ళీ ఫస్టు గేరు అంటూ పాకే కారుకు వాల్వు తొందరగా బిగుసుకుపోతుంది. తెరుచుకుని ఉండగా బిగుసుకుందా, నల్లటి పొగ వస్తుంది, పికప్ పోతుంది.

దానికి అమీర్‌పేట వైద్యం ప్లేటు. ఆ రోజుల్లో అమీర్‌పేటలో మెట్లెక్కితే కంప్యూటర్ కోర్సులు, సందులోకి తిరిగితే మెకానిక్ షాపులు. గొట్టం బోల్టులు విప్పి, వాల్వు మూతి ఆకారానికి కత్తిరించిన రేకు ముక్క ఒకటి మధ్యలో పెట్టి మళ్ళీ బిగించేస్తారు. పొగ వెనక్కి వెళ్ళే దారి మూతపడుతుంది. మీరు చాయ్ తాగి వచ్చేలోగా కారు సిద్ధం. పికప్ లేచివస్తుంది, కంటికి కనబడే పొగ తగ్గుతుంది. పొల్యూషన్ చెకింగు వ్యానువాళ్ళు కొలిచేది పొగ నలుపునే కాబట్టి అక్కడా పాస్. పెరిగేది కనబడని వాయువు. అది సిగ్నల్ దగ్గర పక్కన స్కూటరు మీద ఆగిన మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే ప్లేటు కనబడితే తీసేయాలని మాకు పైనుంచి ఉత్తర్వు ఉండేది.

ఇక యాదగిరి. అతనిది బోరబండ. చేతులు మారిన పాత డీజిల్ కారు ఒకటి కొనుక్కుని, మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబ్‌గా పెట్టాడు. కంపెనీ క్యాబ్ అంటే ఆ రోజుల్లో సగం గవర్నమెంటు ఉద్యోగం. ఆ ఉద్యోగానికే ఎసరు వచ్చి, 2007లో ఒక శుక్రవారం పొద్దున్నే షెడ్డు గేటు తీయకముందే వచ్చి నిలబడ్డాడు.

“ఎర్రమంజిల్ ఎత్తు మీద గేరు మారిస్తే ఎనుక బండ్లు కానొస్తలేవు సార్. లోపల కూసున్న మేడం ఒకామె, అన్నా, ఇది క్యాబా, దోమల మందు కొట్టే బండా అని అడిగింది.”

“ఆవిడ అడిగినదానికి ఏం చెప్పావు?”

“ఏం చెప్త సార్, అద్దాలు ఎక్కించుకో మేడం అన్న. ఆమె పోయి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసర్‌కు చెప్పింది. సోమవారం గేటు కాడ అన్ని బండ్లు చూస్తరట. పొగొస్తే డ్యూటీ కట్. నా జాగల పెట్టనీకె ఇంకో బండి సుత తయారుగ ఉన్నది.”

అంతకు కొన్నాళ్ళ ముందు అతను మా షెడ్డులోనే వాల్వు శుభ్రం చేయించుకున్నాడు. ఆ తర్వాతే పొగ మొదలైందని అతని ఫిర్యాదు. మీ దగ్గరికి వచ్చాకే పాడైందనే మాట షెడ్డులో రోజుకు పదిమంది అంటారు, నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కారు దగ్గరికి వెళ్ళి, గాలి పీల్చి, ప్లేటు ఉందన్నాను.

యాదగిరి నోరు తెరిచాడు. “పొగ మొదలైనంక అమీర్‌పేటల ఏపిచ్చిన సార్. మీ కాడికొస్తే వాల్వే మార్చాలంటరని భయమైంది. మీకెట్ల తెలిసింది?”

ముక్కు సంగతి ఇక్కడే ఒప్పేసుకుంటాను. ఆ కారు బానెట్ అప్పటికే ఎత్తి ఉంది. ఇంజిన్ మీద అన్ని బోల్టులకూ మసి పట్టి ఉంటే, ఈజీఆర్ గొట్టం బోల్టుల తలలు మాత్రం స్పానరు తగిలి తళతళలాడుతున్నాయి. రెండు అంచుల మధ్య రేకు అంచు కూడా గోరంత బయటికి కనబడుతోంది. కళ్ళున్న ఎవరైనా చెప్పగలరు. బేగంపేట నుంచి వచ్చిన మేనేజరు కూడా ఒక్కడే, అదీ మా దగ్గర ఖాళీ ఉందేమో కనుక్కోవడానికి వచ్చాడు.

దొరికిన అవకాశం వదులుకోలేక, వెయిటింగు బెంచీ మీదున్న కస్టమర్లందరికీ వినబడేలా ప్లేటు వల్ల కలిగే అనర్థాల గురించి యాదగిరికి క్లాసు తీసుకున్నాను. పక్క స్కూటరు మనిషి ఊపిరితిత్తుల దాకా వెళ్ళాను. నా సొంత కారుకు విజయవాడలో వేయించిన ప్లేటు అప్పటికి ఇంకా ఉంది; ఆ ముక్క క్లాసులో రాలేదు. దాన్ని తరువాత తీయించాను. ఎంత తరువాత అని అడగకండి.

ఫోర్‌మన్ సలీం భాయ్ బోల్టులు విప్పి, రేకు ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. వాల్వు కడిగించి, ప్లేటు లేకుండా బిగించి, రోడ్ టెస్టుకు బయలుదేరాం. యాదగిరి నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. ఎర్రమంజిల్ ఎత్తు ఎక్కుతుంటే అతను అద్దంలోకి చూస్తూ నెమ్మదిగా అన్నాడు, “సార్, ప్లేట్ ఉన్నప్పుడే నయముండె.”

నిజమే. పొగ ముందుకన్నా చిక్కగా వస్తోంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

“జర గా ప్లేట్ ఇటియ్యుండ్రి సార్. నేనే పెట్టుకుంట.”

“రేపటి దాకా ఆగవయ్యా.”

“రేపు శనివారం. ఎల్లుండి మీకు సెలవు. మీది కాదుగద సార్, పోయేది నా డ్యూటీ.”

ప్లేటు నా జేబులోనే ఉంచుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాద్దామనుకున్నాను కానీ, పట్టింది.

పొద్దున నిమ్మళంగా ఆలోచిస్తే విషయం తేటపడింది. నల్లపొగ అంటే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదన్నమాట. ప్లేటు తీయగానే పొగ పెరిగిందంటే ఇంజిన్ అప్పటికే గాలికి కటకటలాడుతోంది; మేము దారి తెరిచి, ఉన్న కాస్త గాలిలో పొగ కలిపాం. ప్లేటు జబ్బు కాదు. అసలు జబ్బును సగం కప్పిపెట్టింది. అంటే ఇంకెక్కడో గాలి ఆగుతోంది.

ఎయిర్ ఫిల్టరు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క గొట్టమే ఊడదీయించాను. ఇంజిన్ లోపలికి గాలి తీసుకెళ్ళే చివరి గొట్టం ఊడదీసి, సలీం భాయ్ వంపులోకి రెండు వేళ్ళు పోనిచ్చాడు. జిడ్డోడుతున్న గుడ్డ ఒకటి వచ్చింది.

ఇది మెకానిక్కులు మాత్రమే చేయగల పొరపాటు. ఇంజిన్ గొట్టం విప్పినప్పుడు తెరిచిన మూతిలో ఒక గుడ్డ కుక్కుతారు. నట్టు గానీ వాషరు గానీ లోపల పడితే ఇంజిన్ మొత్తం విప్పాలి, అందుకు. బిగించేముందు ఆ గుడ్డ తీయాలి. ఎవరైనా పిలిచో, భోజనం గంట కొట్టో ధ్యాస మళ్ళితే గుడ్డ లోపలే ఉండిపోతుంది. నిలబడ్డ కారుకు ఏమీ తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు గాలి ఉద్ధృతికి గుడ్డ వంపులో పరుచుకుంటుంది, ఇంజిన్‌కు ఊపిరాడదు.

అమీర్‌పేట రోడ్డు పక్క పని ఇలాగే ఉంటుందని యాదగిరికి చెప్పాను. అతను తలూపాడు. మళ్ళీ ఎర్రమంజిల్ ఎక్కాం. ఈసారి అద్దంలో వెనక ఆటోవాడి మొహం కూడా స్పష్టంగా కనబడింది. సోమవారం పొద్దున ఫోను చేసి, గేటు దాటానని, ఆఫీసరు సైలెన్సరు దగ్గర తెల్ల రుమాలు పట్టి చూశాడని చెప్పాడు. ఆ క్యాబ్ ఆ కంపెనీలోనే ఇంకా చాలాకాలం తిరిగింది.

దీనివల్ల నేను నేర్చుకున్నది ఇంత. పొగ వస్తే ముందు గాలి దారి చూడాలి, తరువాతే ఈజీఆర్. ప్లేటు వేసిన కారు వస్తే ప్లేటు తీయడంతో పని సగమే. దాన్ని ఎందుకు వేయించాల్సి వచ్చిందో కనుక్కోవడం మిగతా సగం. ఆ తర్వాత మా షెడ్డులో బానెట్ మూసేముందు గుడ్డలు లెక్కపెట్టడం నియమం చేశాను.

ఇది రాసి, యాదగిరికి ఫోనులో చదివి వినిపించాను. ఇప్పుడతను క్యాబ్ మానేసి బోరబండలో టిఫిన్ సెంటరు నడుపుతున్నాడు. వెనక గరిటెల చప్పుడు మధ్య మొత్తం విన్నాడు.

“మంచిగనే రాసిండ్రు సార్. గని గా గుడ్డ అమీర్‌పేటది కాదు. ఆడి మెకానిక్ గాలి పైపు ముట్టనే లేదు, నేను పక్కన్నే నిలబడ్డ. అది పసుపు గుడ్డ సార్, మీ షెడ్ల అందరి భుజాల మీద ఉండేదే. సలీం భాయ్ దాన్ని మెల్లగ జేబుల పెట్టుకుంటుంటే మీరు అటు తిరిగి పైకప్పు చూసిండ్రు. సోమవారం నాకు డ్యూటీ కావాలె, గందుకే నోరు మూసుకున్న.”