నా హాల్లో గీత గీసిన మేస్త్రి

బొమ్మనహళ్ళిలో పాత వ్యాన్లను ఇళ్ళుగా మార్చే మేస్త్రి పోయిన మంగళవారం పొద్దున పని చేస్తూనే కుప్పకూలి చనిపోయాడు. నా వ్యాన్‌లోనే, నా బల్ల అంచుకు ఇసుక కాగితం రుద్దుతూ. ఆయన షెడ్డులోని వెల్డర్ ఫోన్ చేసి చెప్పి, చివర "మీ పని ఆగిపోయింది సార్, ఏమనుకోవద్దండి" అన్నాడు. నా తమ్ముడికి చెబితే "పోనీలే, ఇప్పటికైనా నీ పిచ్చి వదులుతుంది" అన్నాడు. ఈ రెండు మాటల మధ్య తేడా తెలియనివాళ్ళు ఇక్కడే చదవడం ఆపేయవచ్చు.

డెబ్బై ఒకటో ఏట సర్జాపుర రోడ్డులోని ఫ్లాటు వదిలేసి, వ్యాన్‌లో మంచమూ పొయ్యీ పెట్టించుకుని, ఒంటరిగా ఊళ్ళు తిరుగుతూ బతకాలనుకున్నాను. పెళ్ళి చేసుకోలేదు కనుక అనుమతి అడగాల్సినవాళ్ళు లేరు. అయినా అందరూ సలహాలిచ్చారు. ఏళ్ళ తరబడి నా తలుపు తట్టని బంధువులకు హఠాత్తుగా నా మోకాళ్ళ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. "ఎందుకు?" అని ప్రతివాడూ అడిగాడు. మేస్త్రి మాత్రం "మీది కుడిచెయ్యి వాటమా, ఎడమచెయ్యా సార్?" అని అడిగాడు.

ఆయన పని పద్ధతే వేరు. చెక్క కొయ్యకముందే మనింటికి వచ్చి, హాల్లో నేలమీద వ్యాన్ కొలతలకు సుద్దముక్కతో గీత గీస్తాడు. "దీని లోపల పది దినాలు ఉండి చూడండి సార్. ఏదానికి బయటికి రావాల్సొస్తుందో నాకు చెప్పండి, దానికి జాగా చేస్తాను."

పరుపు, స్టవ్, బకెట్ గీత లోపలికి చేర్చుకుని బతికాను. నాలుగో రోజు తమ్ముడు వచ్చాడు. ఇంజనీరు పాపం, ముగ్గు వేసి ఎవరో నాకు చేతబడి చేశారనుకున్నాడు. చెప్పులతోనే లోపలికొచ్చి, అక్కడే నిలబడి ఫోన్‌లో మానసిక వైద్యుడి దగ్గర నా పేరు రాయించాడు. ఇంతలో మేస్త్రి వచ్చాడు.

"నువ్వేనా ఇది గీసింది? పెద్దమనిషిని ఇట్లా బందీ చేస్తారా?"

"నేను గీసింది గీతేనప్పా. లోపలుండేదీ బయటికొచ్చేదీ ఆయప్ప ఇష్టం. నువ్వు తొక్కతా ఉండేది ఆయన పడక. రవంత జరుగు."

తమ్ముడు జరిగాడు. వాడు నా కోసం జరగడం జీవితంలో అదొక్కసారే.

ఆ పది రోజుల్లో నేను గీత దాటింది ఎక్కువగా పుస్తకాల కోసమే. మూడు గోడల నిండా ఉన్నాయి. ఒక్క అర చేస్తానన్నాడు మేస్త్రి. "చదివేసినవి ఎందుకు సార్? చదవనివి పెట్టుకోండి." నాతో సభల్లో కూర్చున్న పండితులెవరూ ఇంత కటువైన మాట అనలేదు. ఇంత పనికొచ్చే మాట కూడా అనలేదు. చదవనివి తీసి పేరిస్తే ఒక అరకు కాస్త తక్కువే వచ్చాయి.

చివరి నెలలో పని మందగించింది. ఫ్లాటు ఖాళీ చెయ్యాల్సిన రోజు దగ్గరపడుతోంది. షెడ్డుకు వెళ్ళి, "మాట మీద నిలబడలేనివాడికి మేస్త్రి అన్న పేరెందుకు?" అని పనివాళ్ళందరి ముందూ అరిచాను. ఆయన ముఖం తుడుచుకుని, "గట్టిగా చేస్తా ఉండాను సార్. దారిలో నేనుండను కదా" అన్నాడు. అంతే. గుండెకు మందులు మింగుతూ, కాసేపు పనిచేసి కాసేపు కూర్చుంటూ నెట్టుకొస్తున్నాడని ఆ మంగళవారం దాకా నాకు తెలియదు.

నా తమ్ముడు ఒకనాడు చాటుగా షెడ్డుకు వెళ్ళి, పని సాగదీస్తే అన్న మనసు మారుతుందని బతిమాలాడట. అదీ వెల్డరే చెప్పాడు.

"మేస్త్రి ఏమన్నాడు?"

"ఆపమని ఆయప్ప నోటితోనే చెప్పించప్పా అన్నాడు సార్. మళ్ళా టీ తాపించి పంపినాడు."

తమ్ముడిని క్షమించను. నన్ను క్షమించుకునే ఉద్దేశం కూడా లేదు.

ఆయన పోయిన మూడో రోజు వ్యాన్ తెచ్చుకోవడానికి వెళ్ళాను. బల్ల అంచు సగం దాకా నునుపుగా ఉంది. మిగతాది తాను చేస్తానన్నాడు వెల్డర్. వద్దన్నాను. తమ్ముడు ఫోన్ చేసి "ఇంక చాలు, ఇంటికి రా" అన్నాడు. ఇంట్లోనే ఉన్నానని చెప్పి పెట్టేశాను.

గేటు దాటగానే హోసూరు రోడ్డు. వ్యాన్ తిప్పడం చాతకాక రోడ్డుకు అడ్డంగా ఆపేశాను. గార్మెంట్ ఫ్యాక్టరీలకు పోయే బస్సులు హారన్లు మొదలుపెట్టాయి. ఒక కిటికీలోంచి ఒకామె తల బయటపెట్టి, "తాతా, బేగ కదులప్పా! లేటయితే మాకు హాజరు వెయ్యరు!" అని అరిచింది. వెల్డర్ పరుగెత్తుకొచ్చాడు. "మేస్త్రి ప్రతి బండినీ ఇట్లే పంపిస్తా ఉండె సార్, మీరు పోండి" అంటూ రోడ్డు నడిమధ్యకు పోయి రెండు చేతులూ చాపాడు.

వ్యాన్ తిరిగింది. ఆనేకల్ దిక్కుగా కొంతదూరం పోయాక అద్దంలో చూశాను. వెల్డింగ్ ముసుగు నుదుటిమీదికి నెట్టుకుని, వెనక అన్ని బస్సులు అరుస్తున్నా, అతను ఇంకా చేతులు దించలేదు.