ఎర్మీనియా హ్యాండ్‌బ్యాగులో నసారియో

శాన్ ఆంటోనియో పడమటి పేటలో నసారియో ట్రెవీనియో పాట ఇంకా బతికి ఉందంటే అది ఎర్మీనియా హ్యాండ్‌బ్యాగు చలవ. అకార్డియన్ పక్కన ఎలక్ట్రిక్ గిటారును నిలబెట్టి, మైకు ముందు "నేను చికానోని" అని, అంటే అమెరికాలో పుట్టిన మెక్సికో బిడ్డనని, మా పేటలో మొదట చెప్పుకున్నవాడు ఆయన. రికార్డుల కంపెనీలు ఆయన్ని పట్టించుకోలేదు. ఎర్మీనియా పట్టించుకుంది. ఆదివారం మధ్యాహ్నం డాన్సుకు వెళ్తూ లిప్‌స్టిక్ పక్కన టేప్ రికార్డర్ సర్దుకునేది.

బ్యాగు ఎవరైనా ఎత్తుకుపోతారని భుజాన వేసుకునే ఆడేది. మా హాళ్ళలో జంటలన్నీ ఒకే వైపుగా చుట్టూ తిరుగుతూ ఆడతాయి. అందుకే ఆ టేపుల్లో పాట అలలాగా వస్తుంది. ఆమె వేదిక దగ్గరికి రాగానే అకార్డియన్ ఒళ్ళోకి దూకుతుంది, అవతలి గోడవైపు మళ్ళగానే ఏటి అవతలి దీపంలా సన్నబడుతుంది. ఎక్కడా సన్నబడనిది ఎర్మీనియా గొంతు ఒక్కటే.

నసారియో పోయిన మరుసటి ఏడు, పందొమ్మిదివందల తొంభైల్లో, పేట రేడియోవాళ్ళు ఆ టేపులు వినిపిస్తామన్నారు. ఎర్మీనియా మురిసిపోయి, ముందుగా తానొకసారి వింది. మురిపెం కాస్తా ఆవిరైంది. పత్తి చేల మీద ఆయన కట్టిన పోల్కా డాన్సు పాట ఇంకెక్కడా దొరకదు. అందులో అకార్డియన్ మిగతా వాయిద్యాలను నేలమీద వదిలేసి ఒంటరిగా పైకెగిరే చోట, పడుచు ఎర్మీనియా తన జోడీతో అంటోంది: "కాసిల్దాని చూడు, ఫ్రిజ్‌ని మెట్లు దింపుతున్నట్టు ఆడుతోంది."

కాసిల్దా ఆమె కొమాద్రె. కాసిల్దా కూతుర్ని బాప్తిస్మంనాడు జ్ఞానతల్లిగా ఎత్తుకున్నది ఎర్మీనియాయే. అప్పట్నుంచీ ఇద్దరిదీ ఒకే పొద్దుటి కాఫీ.

"ఆ మాట కోసెయ్యి తల్లీ," అని రేడియో అమ్మాయిని బతిమాలింది.

"కోస్తే అకార్డియన్ కూడా పోతుంది, దోన్యా ఎర్మీనియా. మీరు దానిమీద కూర్చుని మాట్లాడారు."

ఇక దారిలేక తీపి రొట్టెల పొట్లం, టేపు పట్టుకుని కాసిల్దా వంటింటికి వెళ్ళింది. కాసిల్దా బీన్స్ గింజల్లో రాళ్ళేరుతూ వింది. ఆ మాట వచ్చింది. చేయి ఆగింది.

"ఫ్రిజ్‌నా?"

"అప్పుడు నాకు బుద్ధిలేదు, కొమాద్రె."

"ఇప్పుడేమైనా వచ్చిందా? వెనక్కి తిప్పు."

తిప్పింది. మళ్ళీ తిప్పమంది. అప్పటికిగానీ ఎర్మీనియాకు అర్థం కాలేదు, కాసిల్దా వింటున్నది ఆ మాటను కాదని. దాని వెనకే ఒక మగగొంతు కేక ఉంది. పాట గుండెకు తగిలితే మా మగాళ్ళు పెట్టే కేక, నవ్వులా మొదలై ఏడుపులా తెగిపోయేది.

"మా బాల్దోమేరో," అంది కాసిల్దా. భర్తను మట్టిచేసి చాలా కాలమైంది. ఎర్మీనియా వైపు తిరిగింది.

"నీ మాట విని అరిచాడంటావా, పాట విని అరిచాడంటావా?"

"పాటే, ఒట్టు."

"నీ ఒట్టు నాకు తెలుసులే. ఒక్క ముక్క కోసినా నా గడప తొక్కకు."

ఆదివారం పేటంతా రేడియోలో ఆ పాట వింది. సోమవారం మాంసం కొట్టు దగ్గర ఎవరో కాసిల్దాని చూసి మూతి బిగించి నవ్వబోయారు.

"నసారియో పాటలో నా పేరుంది," అంది కాసిల్దా. "నీదుందా?"