చప్పుడు కాకుండా తీసిన మూతలు

మొన్న ఆదివారం ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకి మా ఇంటి అమ్మగారు చనిపోయారు. వయసు డెబ్బై రెండు. గుండెపోటు అని డాక్టరు చెప్పారు. అప్పటికి ఆమె స్నానం అయింది, మడిబట్ట కట్టుకున్నారు. పొయ్యి ఇంకా వెలిగించలేదు.

ఇంటి అమ్మగారంటే తిరుపతిలో మేం అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు. కింద ఆమె, ఆమె భర్త. పైన నేను, నా భార్య. తొమ్మిదేళ్లుగా ఇంతే. అయ్యగారు బడిలో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. వైష్ణవులు, పిల్లలు లేరు. రోజూ ఆమె మడితో వండింది దేవుడికి నైవేద్యం పెట్టి, అదే ఇద్దరూ తినేవాళ్లు. అయ్యగారు ఇంకొకరి చేతి వంట ముట్టరు. ఆమె గురించి చెప్పాల్సినవన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

ఆమె చేతులు చెడిపోయాయని నాకు తెలిసింది ఏడేళ్ల కిందట. పెరట్లో ట్యాంకు వాల్వు తిప్పడానికి వెళ్లినప్పుడు వంటింటి కిటికీలోంచి కనబడింది. చింతపండు సీసా మూతని తలుపు సందులో ఇరికించి, సీసాని రెండు ముంజేతుల మధ్య పట్టుకుని తిప్పుతున్నారు. వేళ్లు వాడటం లేదు. కణుపులు వాచి, వేళ్లు ఒక పక్కకి వాలి ఉన్నాయి. మూత రాలేదు. ఆమె సీసా కింద పెట్టి, గోడకి ఆనుకుని, మళ్లీ ఎత్తారు. ఈసారీ రాలేదు. ఆ రోజు వాళ్లింట్లో చారు లేదని తర్వాత తెలిసింది. అయ్యగారితో మజ్జిగపులుసు తినాలనిపించిందని చెప్పారట.

నేను తప్పు చేసింది ఆ వారంలోనే. వాళ్లిద్దరూ బంధువులింట్లో పెళ్లికని శ్రీకాళహస్తి వెళ్లారు. పాలు తీసిపెట్టమని తాళం మాకిచ్చారు. నేను వంటింట్లోకి వెళ్లి సీసాలు, జాడీలు, డబ్బాలు అన్నిటి మూతలూ ఒకసారి తీసి, వదులుగా పెట్టి వచ్చాను. సాయంత్రం ఆమె రాగానే చెప్పాను కూడా.

ఆమె చేతిసంచి గడప పక్కనే పెట్టేశారు.

"ఏయే మూతలు తీసినావు నాయనా?"

"అన్నీ అమ్మా. ఇంక మీకు కష్టం ఉండదు."

"ఊరగాయ జాడీలు కూడానా?"

"అవే ముందు తీసినాను."

మరుసటి రోజు పొద్దున మూడు జాడీల ఊరగాయలు పైకి వచ్చాయి. ఆవకాయ, నిమ్మకాయ, చింతకాయ. పప్పులూ బియ్యం లాంటి పొడి సరుకులకి దోషం లేదట. ఉప్పు, నూనె కలిసినవి మడి లేని చెయ్యి తగిలితే నైవేద్యానికి పనికిరావు. ఏడాదికని పెట్టుకున్న ఊరగాయ మొత్తం ఒక్క మధ్యాహ్నంలో నేను మైలపరిచాను. అయ్యగారితో మాత్రం ఆమె బూజు పట్టిందని చెప్పారు. ఆ ఏడాదంతా ఆయన ఊరగాయ లేకుండా తిన్నారు. మేం మూడు జాడీలు తిన్నాం.

క్షమించమని అడగడానికి వెళితే ఆమె గడపకి అవతలే నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడారు.

"నీ మీద కోపం ల్యా నాయనా. మంచికే చేసినావు. ఒక మాట అడుగుతాను. నా చేతుల సంగతి ఆయనకు చెప్పొద్దు."

"ఆయనా మడిలోనే ఉంటారు కదమ్మా. ఒక మూత తీసిమ్మంటే సరిపోదా?"

"తీసిస్తారు. ఆ పొద్దే నన్ను పొయ్యికాడికి రాకుండా చేస్తారు. ఆ తర్వాత యాడ తింటారు? మా అక్క పోయినప్పుడు నాలుగు దినాలు నేను ఊర్లో లేను. పాలూ అరటిపండ్లతో ఉన్నారు. ఐదో దినం కండ్లు తిరిగి బాయికాడ పడినారు. నేను ముందు పోతే ఆయన తినరు నాయనా. నాకుండే భయం అదొక్కటే."

అప్పటినుంచి మా పని ఒకటే. మూతలు రావాలి, చప్పుడు కాకూడదు, నా చెయ్యి తగలకూడదు. వంటింటికీ దేవుడి గదికీ మధ్య ఒక గోడ. ఆమె వంట చేసే సమయానికి అయ్యగారు ఆ గోడకి అవతల కళ్లు మూసుకుని పారాయణలో ఉంటారు. ఆయన చెవులు మాత్రం చాలా చురుకు.

మొదట సైకిల్ షాపు నుంచి పాత ట్యూబు తెచ్చి జానెడు ముక్క కోసిచ్చాను. మూత మీద వేస్తే జారదు, వేళ్లతో నొక్కక్కర్లేదు, అరచేత్తో తిప్పితే చాలు. రబ్బరు మడికి పనికొస్తుందా అని నాకే అనుమానం వచ్చింది. ఆమె దాన్ని చింతపండు నీళ్లతో మూడుసార్లు కడిగి ఆరబెట్టారు. "చెట్టు పాలే కదా. ఆవు పాలకు లేని మడి దీనికెందుకు?" అన్నారు.

రెండోది నేను కొన్నది. బ్యాటరీతో నడిచే మూతల మిషను. సీసా మీద పెట్టి మీట నొక్కితే అదే పట్టుకుని తిప్పుతుంది. చెన్నై నుంచి పార్సిలు వచ్చింది. ఆమె శుద్ధి చేసుకుని, మొదటిసారి నొక్కారు. పని చేసింది, కానీ గిర్రుమని పిండిమర మాదిరి మోగింది.

గోడ అవతల పారాయణ ఆగింది. "ఏందా శబ్దం?"

"పైవాళ్ల మిక్సీ అండీ."

ఆ సాయంత్రం అయ్యగారు వాకిట్లో నా భార్యని ఆపి, "ఏం రుబ్బినావమ్మా పొద్దున్నే, ఇల్లంతా అదిరింది?" అన్నారు. నా భార్యకి ఈ చేతుల సంగతి ఏమీ తెలీదు. "దోసెపిండి స్వామీ" అని చెప్పేసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "మనింట్లో నేను రుబ్బని పిండి ఎవరు రుబ్బుతుండారు?" అని నిలదీసింది. అప్పుడు ఆమెకీ చెప్పాల్సి వచ్చింది. మిషను మళ్లీ అట్టపెట్టెలోకి పోయింది.

మూడోదే నిలిచింది. పళ్లున్న రెండు ఇనుప బద్దలు చీలిన కొమ్మ మాదిరి కలిపి, వంటింటి అలమర అడుగున వడ్రంగి చేత స్క్రూలతో బిగించాం. ఎందుకో అతనికి చెప్పలేదు. సీసా మూతని ఆ చీలికలోకి తోసి, రెండు అరచేతులతో సీసానే తిప్పాలి. అలమర కింద కాబట్టి నిలబడి చూస్తే కనబడదు. స్టీలు డబ్బాల గట్టి మూతలకి ఒక చెక్కపిడి కొక్కెం పెట్టుకున్నారు. దాని కొసకి గుడ్డ చుట్టి ఉండేది, తగిలినా మోగకుండా. నొప్పి మాత్రల డబ్బా మాత్రం నొక్కి తిప్పే రకం. చిన్నపిల్లలు తీయకూడదని అట్లా చేస్తారు. అది ఆమెకీ రాలేదు. మాత్రలన్నీ పసుపు డబ్బాలో పోసుకున్నారు. మాత్రలూ పచ్చగానే ఉండేవి.

మూతల గురించి ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలిసి ఉండదు. బిగుసుకున్న మూతని ముందు మరికొంచెం బిగించే దిక్కుకి కదిలించి, తర్వాత ఇవతలికి తిప్పాలనేవారు. "పోట్లాడితే రాదు నాయనా. దాని మాట ఒకసారి విన్నట్టు నటించాల." చిత్తూరు దగ్గర పల్లెలో మా అమ్మకీ వేళ్లు వంకరపోయినప్పుడు, ఒక ట్యూబు ముక్క ఇచ్చి పంపింది ఆమే. ఎట్లా పట్టుకోవాలో ఉత్త చేతులతో గాలిలో తిప్పి చూపించారు. అదే మా అమ్మకి చూపించాను. మందులేవీ పనిచేయనప్పుడు మా అమ్మ సొంతంగా నూనె సీసా తీసుకోగలిగిందంటే ఆమె వల్లే.

ఇవన్నీ చెబితే ఆమె గెలిచినట్టు అనిపించొచ్చు. అట్లా కాదు. ఉదయం పది లోపల ఒక వంట, సాయంత్రం నాలుగుకి ఒక వంట. వేళ్లు సాగడానికి గంట ముందు లేవాలి, మధ్యలో వేడినీళ్లలో చేతులు పెట్టుకోవాలి. ఆ శ్రీకాళహస్తి పెళ్లి తర్వాత ఆమె ఊరు దాటింది లేదు. వంటింటి కిటికీలోంచి తిరుమల కొండ కనబడుతుంది. అలిపిరి నుంచి బస్సెక్కితే గంట లోపల పైన ఉంటారు. ఏడేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. నా భార్య రమ్మని అడిగితే, "కనబడుతుండాది గదమ్మా, చాలు" అన్నారు. గాజులు వేళ్లు దాటి రాక, కోయించి తీసేసినప్పుడు అయ్యగారితో చెమట పొక్కులని చెప్పారు. ఆయన ముందు చేతులు కొంగులో దాచుకునేవారు. వడ్డించేటప్పుడు గరిటె రెండు చేతులా పట్టుకునేవారు. భక్తి అనుకున్నారట ఆయన.

"చెప్పేయండమ్మా" అని ఏడాదికొకసారైనా అనేవాణ్ని. "చెప్తే ఒక పూటతో అయిపోయేది కాదు గదా" అనేవారు. నేను ఒత్తిడి చేయలేదు. నాకు ఆ ఇంటి నియమం తెలుసనుకున్నాను. ఒక మనిషి చెప్పింది విని, రెండో మనిషిని అడగకుండా నమ్మాను. నేను విలేకరిని, నా వృత్తిలో అది చేయకూడని పని.

ఈ కర్మ రోజుల్లో శ్రీకాళహస్తి నుంచి వచ్చిన దాయాదులే వండుతున్నారు. శాస్త్రం ప్రకారం ఆ వంట ఆయన తినవచ్చట. మూడో రోజు మధ్యాహ్నం అయ్యగారు నన్ను పిలిపించారు. వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నారు. కింద కూర్చుంటే అలమర అడుగు కనబడుతుంది.

"ఇదేందప్పా?"

మూతలు తీసేదని చెప్పాను. ఎవరికని అడిగారు. అప్పుడు అన్నీ చెప్పాను. చేతులు, ట్యూబు, కొక్కెం, మిక్సీ, పసుపు డబ్బా, బూజు పట్టని ఊరగాయ. పది నిమిషాలు పట్టింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు తినడం మానేస్తారని, స్వామీ."

ఆయన ఆ ఇనుప పళ్ల మీద వేలు పెట్టి చూశారు.

"పెండ్లయిన కొత్తలో మా అమ్మ ఈమె వంటకు రోజూ వంకలు పెడతా ఉండె. ఈమె వంటింట్లో ఏడస్తా ఉండె. ఒకరోజు నాకు కోపం వచ్చి, ఇంక ఈమె చేసిందే తింటాను, ఇంకెవరు చేసినా ముట్టనని చెప్పేసినాను. మా అమ్మ నోరు మూసింది. అంతేనప్పా. దేవుని ముందర పట్టిన నియమం కాదది."

"మరి ఆమె ఊర్లో లేని ఆ నాలుగు రోజులు?"

"ఆమె లేదని ఇంకొకరి చేతిది తింటే, తిరిగొచ్చినాక చిన్నబుచ్చుకుంటుందని."

పక్క గదిలో దాయాదుల ఆడవాళ్లు బియ్యం చెరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. పదమూడో రోజు సాయంత్రం వాళ్లు బస్సెక్కి వెళ్లిపోతారు.

"మీ ఇంట్లో చారుకు చింతపండు ఎక్కువ వేస్తారా?" అన్నారు.

"వేస్తాం స్వామీ."

"పద్నాలుగో దినం నుంచి మీ ఇంట్లో తింటాను. మీ ఆమెకు కష్టమేమో అడుగు."

నా భార్య కష్టం లేదంది. ఉల్లిపాయ, వెల్లుల్లి వేయకుండా ఏమేం చేయొచ్చో కిందికి వెళ్లి దాయాదుల ఆడవాళ్లని అడిగి వచ్చింది. కారం తగ్గించమన్నారట.

వచ్చే వారం శుక్రవారం పదమూడో రోజు. ఆ మర్నాడు శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి అయ్యగారు మొదటిసారి మా ఇంటికి భోజనానికి వస్తారు. మా మెట్లు పద్దెనిమిది, పట్టుకోవడానికి కమ్మీ లేదు. పన్నెండుంబావుకే నేను కిందికి వెళ్లి, చెయ్యి పట్టుకుని తీసుకురావాలి.