సూర్యుడి హాజరు పట్టీ

గిట్టుబాటమ్మకి ఈ లోకంలో ఉన్నది ఒకే ఒక్క జబ్బు. డబ్బు పెట్టి కొన్న వస్తువు ఏదైనా సరే, దాని అసలు మొత్తం వసూలయ్యేదాకా ఆవిడ నిద్రపోదు, పక్కవాళ్ళని పోనివ్వదు. ఆ పేరు వీధి పెట్టింది. కన్నవాళ్ళు పెట్టిన పేరేమిటో సొంత కొడుక్కి కూడా కాగితం చూస్తేగానీ గుర్తురాదు.

గొడుగు కొన్నదంటే వాన కోసం ఆగదు. "రోజూ వేస్తేనే కదా రోజుకింతని పడేది" అంటూ వరండాలో కూర్చున్నా తెరిచే పట్టుకునేది. కొత్త కళ్ళజోడు వచ్చినప్పుడు అది పెట్టుకునే పడుకుంది. ఇదేమిటత్తయ్యా అని కోడలు అడిగితే, "ఎనిమిది గంటలు ఊరికే బల్లమీద పడుంటే దాని డబ్బులు ఎవడిస్తాడు?" అంది. కట్టుడు పళ్ళు పెట్టించుకున్న వారం ఇంట్లో పల్లీగింజ మిగల్లేదు.

ఇవన్నీ భరించింది కోడలు. పాపం, ఆ పిల్ల సిటీ బస్సులో కండక్టరు. "లోపలికి జరగండి, లోపలికి!" అని ఒక్క కేక వేస్తే యాభైమంది నోరెత్తకుండా జరిగేవాళ్ళు. ఇంట్లో మాత్రం ఒక్క మనిషిని అంగుళం జరపలేకపోయింది.

ఓసారి అత్తగారు ఆ బస్సే ఎక్కింది. చిల్లర కుదరక కోడలు చివరి స్టాపుదాకా టికెట్టు కొట్టింది. ఇంటి దగ్గర బస్సు ఆగింది.

"అత్తయ్యా, దిగండి. మన స్టాపు."

"ఎందుకు దిగాలి? చివరిదాకా కొన్నాను."

"ఇల్లు ఇక్కడ కదా!"

"ఇల్లెక్కడికీ పోదులే. నువ్వు రైటు చెప్పు."

చివరిదాకా వెళ్ళి, అక్కణ్ణించి రెండు మైళ్ళు మోకాళ్ళు పట్టుకుని నడిచొచ్చింది. ఆ వారమంతా మోకాళ్ళకి కోడలు మందు రాసింది. మందు సీసా కొత్తది కాబట్టి మోచేతులకి కూడా రాయించుకుంది.

అలాంటి మనిషి ఓ రోజు డాబా మీద సోలార్ పలకలు పెట్టించింది. ముప్పై ఏళ్ళు ఆస్పత్రి లాండ్రీలో పనిచేసి, సూపర్‌వైజరుగా దిగిపోయినప్పుడు చేతికొచ్చిన డబ్బు, లక్షా తొంభై వేలు, ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్ళి పోసింది. డాబా తలుపు మీద సుద్దముక్కతో రాసింది: "ఆరేళ్ళ ఐదు నెలలు. రెండు వేల మూడు వందల నలభై రోజులు." అన్ని రోజులకి అసలు వచ్చేస్తుందన్న మాట. కోడలు ఆ అంకె చూసి మెట్లమీదే కూలబడింది. గొడుగుకి ఆరు నెలలు పట్టింది. మరి ఆరేళ్ళంటే!

మర్నాటి నుంచి సూర్యుడు ఆ ఇంట్లో ఉద్యోగి అయిపోయాడు. లాండ్రీ నుంచి తెచ్చుకున్న హాజరు పుస్తకంలో సగం కాగితాలు ఖాళీగా ఉన్నాయి. అవి కూడా దండగ కాకూడదుగా, అందులో సూర్యుడికి హాజరు వేయడం మొదలెట్టింది. పొద్దున్నే డాబా ఎక్కి చూసేది, సాయంత్రం గడి నింపేది. వస్తే టిక్కు. మబ్బు పడితే సగం పూట. వాన పడితే సున్నా. సున్నా పడిన రోజు తలుపు మీది అంకె తగ్గదు.

"వరసగా మూడు రోజులు ఎగ్గొట్టాడమ్మాయ్. మా లాండ్రీలో అయితే మెమో ఇచ్చేదాన్ని."

సూర్యుడి సంగతి సరే, అసలు గోల ఇంట్లోవాళ్ళకి వచ్చింది. వాషింగ్ మెషీను, మిక్సీ, ఇస్త్రీపెట్టె, నీళ్ళ మోటారు, కరెంటు పొయ్యి, అన్నీ పదింటికీ మూడింటికీ మధ్యే నడవాలి. నాలుగు దాటాక దీపాలూ ఫ్యాన్లూ తప్ప ఇంకో స్విచ్చి మీద వేలు పడకూడదు. "ఎండ ఊరికే ఇస్తుంటే, సాయంత్రం డబ్బు పోసి కరెంటు కొంటామా? అసలు ఎలా వస్తుంది?" అనేది. కొడుకు లారీ ఆఫీసులో గుమాస్తా. తల్లి ఒకటంటే సరే అనేవాడు, పెళ్ళాం ఇంకోటంటే దానికీ సరే అనేవాడు.

ఇక్కడ కోడలి సంగతి కూడా చెప్పాలి. పలకలు రాకముందు ఆ ఇంటి పనంతా ఆ పిల్లదే. ఎనిమిది గంటలు బస్సులో నిలబడి, ఐదింటికి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, చెప్పులు విప్పగానే ఉతుకు, వంట, ఇస్త్రీ. అత్తగారు చెయ్యి వేయబోతే ఒప్పుకునేది కాదు. "మోకాళ్ళ నొప్పులతో మీకెందుకత్తయ్యా, కూర్చోండి. నా పని నేను చేసుకుంటాను." ఎవరి చేతా మాట పడకూడదు, ఎవరికీ బాకీ ఉండకూడదు, అదీ ఆ పిల్ల పౌరుషం. అత్తగారు బట్టలు మడతపెడితే విప్పి మళ్ళీ మడతపెట్టేది. ఓ సాయంత్రం ఇస్త్రీ చేస్తూ నిలబడే నిద్రపోయింది. లేచేసరికి యూనిఫారం చొక్కా జేబు నల్లగా మాడి పొగొస్తోంది. అత్తగారు పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకింది. ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు.

పలకలొచ్చాక ఇంటిపని కోడలి చేతిలోంచి జారిపోయింది. వచ్చేసరికి బట్టలు ఉతికి ఆరి మడతలై ఉండేవి, అదీ అడ్డదిడ్డంగా. కూర అయిపోయేది, అందులో ఉప్పెక్కువ. చొక్కాకి ఒక గీత ఉండాల్సిన చోట నాలుగు గీతలు. "పెట్టె వేడి మిగిలిపోయిందమ్మాయ్, దండగెందుకని ఇంకో మూడుసార్లు లాగాను." పైగా రోజూ ఓ టబ్బుడు వేణ్ణీళ్ళు. మధ్యాహ్నం కాచి, ఉక్కు డ్రమ్ములో పోసి, రెండు దుప్పట్లు చుట్టి ఉంచేది.

"ఇవెందుకత్తయ్యా?"

"ఎండ మిగిలితే కాచాను. పారబోస్తే గిట్టుబాటు కాదు. కాళ్ళన్నా పెట్టు."

పోట్లాడే ఓపిక లేక కోడలు కాళ్ళు పెట్టేది. అలా కూర్చుని తన ఇంట్లో తనే చుట్టమై పోయినట్టు ఏడుపు మింగేది.

ఓ రోజు బస్సులో ఎవరో చొక్కామీద రంగు ఒలకబోశారు. మర్నాడు డిపోలో తనిఖీ. ఐదుంపావుకి కోడలు చొక్కా మెషీనులో వేసి స్విచ్చి నొక్కింది. మెషీను ఉలకలేదు. చూస్తే ప్లగ్గుకి పెట్టే ఎక్స్‌టెన్షన్ వైరు లేదు. అత్తగారు దాన్ని చుట్టచుట్టి కొంగున ముడేసుకుని కూర్చుంది.

"ఒక్క చొక్కా అత్తయ్యా! ఒక్కటి!"

"ఒకటితోనే మొదలవుతుంది. రెండో జత మధ్యాహ్నమే ఉతికాను. అది వేసుకో."

"నా ఇంట్లో నా చొక్కా నేను ఉతుక్కోడానికి కూడా సూర్యుణ్ణి అడగాలా?"

"ఆయన డ్యూటీ దిగిపోయాడు" అంది అత్తగారు.

అంతే. మర్నాడు కోడలు డిపోలో పది రూపాయలు పెట్టి స్టాఫ్ క్వార్టర్స్ ఫారం కొంది. ఒక గది, ఒక వంటిల్లు, తన ఇష్టమొచ్చినప్పుడు నొక్కుకునే స్విచ్చి. మొగుడు చదివి, సంతకం పెట్టి, "సరే, కానీ అమ్మకి నువ్వే చెప్పు" అన్నాడు. ఫారం టికెట్ల సంచీలోకి వెళ్ళింది. శుక్రవారం సాయంత్రంలోగా ఇవ్వాలి.

శుక్రవారం పదకొండింటి ట్రిప్పులో పనిముట్ల సంచీ భుజానేసుకుని సోలార్ మెకానిక్కు ఎక్కాడు. పలకలు బిగించింది, అప్పుడప్పుడూ వచ్చి చూసిపోయేది అతనే. కోడలు గుర్తుపట్టింది. అతనూ నవ్వాడు.

"సూర్యుడికి హాజరేసే పెద్దమ్మగారి ఇల్లు కదక్కా మీది? బాగున్నారా ఆవిడ?"

"ఆవిడ బాగానే ఉన్నారు. మేమే బాలేం. ఒక్క మాట చెప్పు బాబూ, సాయంత్రం ఒక్క గంట మెషీను వేసుకుంటే మీ పలకల డబ్బు ఎన్ని రోజులు వెనకబడుతుంది?"

"వెనకబడ్డమేంటి?" అన్నాడతను. "మీది రెండువైపులా తిరిగే మీటరు. పగలు మిగిలిన కరెంటు లైన్లోకి పోతుంది, సాయంత్రం అదే వెనక్కి తీసుకుంటారు. యూనిట్‌కి యూనిట్. ఎప్పుడు వాడినా ఒకటే."

కోడలి చేతిలో టికెట్టు మిషను ఆగిపోయింది. "మా అత్తయ్యకి తెలీదా ఇది?"

"మొదటి రోజే చెప్పాను. 'ఈ ముక్క మా కోడలి చెవిన మాత్రం వెయ్యకు నాయనా' అన్నారు..." అని, మెకానిక్కు చటుక్కున నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, చెప్పేశానా!"

"చెప్పేశావుగా. ఇంక మిగతాది కూడా చెప్పు."

"ఏముందక్కా. మా షాపుకొచ్చినప్పుడు ఆవిడ చేతిసంచీలో ఓ చొక్కా ఉంది, జేబు మాడిపోయింది. కౌంటరు మీద పరిచి, 'ఇది మళ్ళీ మాడకుండా ఉండాలంటే ఎన్ని పలకలు కావాలి?' అన్నారు. మాకేం అర్థమవుతుంది! మా ఓనరు మీ బిల్లు చూసి, 'నెలకి పద్నాలుగు వందలే కదమ్మా, అసలు రావడానికి పదకొండేళ్ళ పైన పడుతుంది, మీకిది గిట్టదు' అని చెప్పేశాడు. అమ్ముకునేవాడే వద్దన్నాడు. ఆవిడేమో, 'అది నిలబడి నిలబడి వస్తుంది. ఇంటికొచ్చి మళ్ళీ నిలబడకూడదు. నేను చేస్తానంటే ఒప్పుకోదు. సూర్యుడు చెప్పాడంటే ఏం చేస్తుంది?' అన్నారు. మా దగ్గరే కూర్చుని పదకొండేళ్ళని ఆరేళ్ళు చేసుకున్నారు."

వెనక నుంచి ఎవరో "కండక్టరుగారూ, స్టాపు దాటిపోయింది!" అని అరిచారు. ఆ రోజు బస్సు ఇంకో రెండు స్టాపులు కూడా దాటింది. గొడుగు దగ్గర, కళ్ళజోడు దగ్గర, చివరికి బస్సు టికెట్టు దగ్గర కూడా పైసా వదలని మనిషి, జన్మకో నష్టం బేరం చేసింది. అదీ కోడలి కాళ్ళ కోసం. కోడలికి నవ్వూ వచ్చింది, దానివెంట కళ్ళనీళ్ళూ వచ్చాయి. టికెట్ల సంచీలో మొహం పెట్టి చిల్లర వెతుకుతున్నట్టు చాలాసేపు వెతికింది. ఇన్నాళ్ళూ ఎంత మొద్దునయ్యాను అనుకుంది.

ఐదింటికి ఇల్లు చేరేసరికి టబ్బులో వేణ్ణీళ్ళు రెడీ. కోడలు ఇంకో స్టూలు తెచ్చి ఎదురుగా వేసింది.

"అదెందుకే?"

"ఇన్ని నీళ్ళకి రెండు కాళ్ళేనా? దండగ. మీవి కూడా పెట్టండి."

"నాకెందుకు?"

"నాలుగు కాళ్ళయితే సగం రోజుల్లో గిట్టుబాటవుతుంది. మీరే లెక్క చూడండి."

గిట్టుబాటమ్మ వేళ్ళమీద లెక్కేసింది. లెక్క సరిగ్గానే ఉంది. చీర కాస్త పైకి లాక్కుని మోకాళ్ళు మూలుగుతుండగా కూర్చుని కాళ్ళు పెట్టింది. "అబ్బా" అంది, అంతలోనే ఆ మాట ఎవరూ వినలేదు కదా అన్నట్టు చూసింది.

కోడలు సంచీలోంచి ఫారం తీసి ఇచ్చింది. "హాజరు పుస్తకం అయిపోవచ్చింది కదా అత్తయ్యా. దీని వెనకవైపు ఖాళీ."

అత్తగారు ముందువైపు చదివింది. అడుగున కొడుకు సంతకం చూసింది.

"ఎంతకి కొన్నావిది?"

"పది."

"దండగ చేశావు."

"అందుకేగా మీకిస్తున్నాను."

ఆవిడ ఫారం బోర్లించి, మోకాలి మీద పెట్టుకుని, పెన్సిలుతో వచ్చే నెలకి గళ్ళు గీయడం మొదలెట్టింది. రెండో వరస వంకర పోయింది.

"ఇవాళ్టి హాజరు వేసేశారా?" అంది కోడలు.

"ఇంకా లేదు."

"వెయ్యకండి. ఇవాళ సూర్యుడు రానేలేదు. నేను బస్సులోంచి చూశాను."

ఆవిడ ఆరున్నరకే డాబా ఎక్కి కళ్ళారా చూసిన మనిషి. కళ్ళజోడు పైనుంచి కోడలి మొహంలోకి చూసింది. తర్వాత పుస్తకం తీసి ఆ రోజు గడిలో నిదానంగా సున్నా చుట్టింది.

"ఇలాగైతే అసలు ఎప్పటికొస్తుందే అమ్మాయ్?"

"రానివ్వండి, తొందరేముంది" అని కోడలు కాళ్ళు నీళ్ళలోకి ఇంకాస్త దించింది.