పాల్ రాజుకు దొరికిన లాజరు

త్రిపురాంతకం అవతల ఓ పల్లెలో పాస్టరుగా ఉన్న పాల్ రాజు ఆ వారం ప్రసంగానికి బైబిల్లోని ధనవంతుడూ లాజరూ కథ తీసుకున్నాడు. రోజూ విందులు చేసుకునే ధనవంతుడు, అతని వాకిట్లో ఒళ్లంతా కురుపులతో, రాలిన మెతుకుల కోసం పడి ఉండే లాజరు. చనిపోయాక బీదవాడు పరలోకంలో అబ్రాహాము రొమ్మున ఆనుకున్నాడు, ధనవంతుడు అగ్నిలో పడ్డాడు. పాల్ రాజు చదివిందే చదివాడు. ధనవంతుడు లాజరును కొట్టలేదు, తిట్టలేదు, తరిమేయనూ లేదు, పట్టించుకోలేదంతే. ఈ సంగతి దొరికినందుకు మురిసిపోయాడు. ఇక కావాల్సింది జనం కళ్లముందు నిలబెట్టడానికి ఒక లాజరు. ఉదాహరణ లేని ప్రసంగం ఉప్పులేని పప్పు కదా! పైగా ఆ ఆదివారం మార్కాపురం నుంచి పెద్ద పాస్టర్లు వస్తున్నారు. నచ్చితే టౌన్లో సభలకు పిలుస్తారని అతని ఆశ.

మార్తమ్మ గుర్తొచ్చింది. భర్త పోయిన ఒంటరి మనిషి. పలకల గనుల్లో చేసీ చేసీ నడుం వంగిపోయినా ఇప్పటికీ మిరప కోతలకు పోతుంది. మొన్ననే ఇంటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, పిక్క మీద మానని షుగరు పుండు చూపించి ప్రార్థన చేయమంది.

"ఎవురితో అనొద్దు అయ్యగారూ. తెలిస్తే అందరూ అయ్యో పాపం అంటారు. నాకది పడదు" అంది.

"ఆమె సంగతి తీయొద్దండి" అని భార్య సుచరిత ముందే చెప్పింది. వింటేగా!

ఆదివారం "మన మధ్యనే ఉన్నాడు లాజరు!" అంటూ మార్తమ్మ వైపు చెయ్యి చూపించాడు. పుండు సంగతి, పూట గడవని సంగతి అన్నీ చెప్పేశాడు. కడుపులో పెట్టుకోవాల్సిన మాటను మైకులో పెట్టాడు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. మార్తమ్మ చీర అంచు కాలి మీదికి లాక్కుని తల దించుకుంది.

ఆ సంఘంలో ఆడవాళ్లు వంటకు బియ్యం తీసుకున్నప్పుడల్లా ఒక పిడికెడు దేవుడి కోసమని పక్కన పెట్టి, ఆదివారం తెచ్చి మందిరంలో డబ్బాలో పోస్తారు. అవి పాస్టరు ఇంటికి చేరతాయి. మార్తమ్మ ఏ వారమూ తప్పలేదు. తరువాతి ఆదివారమూ కొంగున మూట కట్టుకునే వచ్చింది. సంఘపెద్ద శ్యాంసన్ డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీకెందుకు పెద్దమ్మా ఇంక? తినేదానికే లేనిదానివి. మేమే నీకిస్తాం, పట్టు" అని డబ్బాలోంచి దోసిలి నిండా తీశాడు.

మార్తమ్మ పాల్ రాజు వైపు చూసింది. "ఆమె బియ్యం తీసుకో శ్యాంసన్నా" అంటే సరిపోయేది. కానీ అంతమందిని ఏడిపించి, ఇప్పుడామె బియ్యమే తీసుకుంటే తన ప్రసంగం ఏం కాను?

"తీసుకో అవ్వా, దేవుడిచ్చినాడనుకో" అన్నాడు. సిగ్గులేని మాట!

"మీరు తిన్నన్నాళ్లు నేను బీదదాన్ని కాదా అయ్యగారూ?"

మూట విప్పకుండానే వెళ్లిపోయింది. మళ్లీ మందిరం మెట్టెక్కలేదు.

మార్కాపురం నుంచి పిలుపు రానే వచ్చింది, అదే ప్రసంగం చెప్పమని. పాల్ రాజు వెళ్లి ఇంకా బాగా చెప్పాడు. ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ కొత్త చీర తెచ్చి, ఆ అవ్వకివ్వమంది. చేసిన తప్పు ఈ చీరతో సర్దుకుంటుందని అతనికి లోలోపల ఆశ పుట్టింది. మర్నాడే మార్తమ్మ గుమ్మం ముందు నిలబడి చీర సంచి ఆమె చేతికిచ్చాడు.

"ఎవురిచ్చినారు?" అంది ఆమె.

"మార్కాపురంలో ఒక అమ్మగారు. నీ కథ విని ఏడ్చింది అవ్వా."

"అక్కడ గూడా చెప్పినారా?" మార్తమ్మ అతని ముఖంలోకి చూసింది. "నా పుండు సంగతి చెప్పినారు, సరే. మీ ఇంటికొచ్చిన నా బియ్యం సంగతి చెప్పినారా?"

చెప్పలేదు. రెండుచోట్లా చెప్పలేదు.

ఆమె చీర సంచిని తిరిగి అతని చేతిలోనే పెట్టి తలుపు వేసుకుంది.